కాడ మొదలు లేని పుట్టగొడుగులు

మొన్న ఆదివారం మా మనవరాలు స్రవంతి ఒక ప్లాస్టిక్ డబ్బాలో పుట్టగొడుగులు తెచ్చింది. భీమవరంలో ఇప్పుడు కూరగాయల కొట్లలో అవి ఏడాది పొడుగునా దొరుకుతున్నాయి. తెల్లగా, గుండ్రంగా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వాటికి ఉరుము అక్కర్లేదు, వాన అక్కర్లేదు. పిల్ల వాటిని చిల్లుల గిన్నెలో పోసి కుళాయి కింద పెట్టి, ఫోను చూసుకుంటూ నిలబడింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి, అవి తాగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కొక్కదాని కాడ పుటుక్కున విరిచి చెత్తడబ్బాలో వెయ్యడం మొదలుపెట్టింది. నేను వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాను. మోకాళ్ళ నొప్పులొచ్చాక కూతురింట్లో నా చోటు అదే. ఊరుకుందామనుకున్నాను గానీ నోరు ఊరుకోలేదు.

"ఆ కాళ్ళేం పాపం చేశాయే?" అన్నాను.

"స్టెమ్స్ గట్టిగా ఉంటాయి అమ్మమ్మా. వీడియోలో కూడా తీసేశారు."

"వీడియో ఆవిడకి పళ్ళు లేవేమో. నాకింకా నాలుగున్నాయి. ఇలా తే."

అది తేలేదు. నేనే లేచి చెత్తడబ్బాలో చెయ్యి పెట్టి ఏరడం మొదలుపెట్టాను. "ఛీ, డస్ట్‌బిన్‌లోంచా!" అని అది వెనక్కి గెంతింది. ఆ డబ్బాలో ఉన్న నా చేతిని చూసుకుంటే, ముడతలు పడి, వేళ్ళు కాస్త వంకర తిరిగి, అచ్చం మా పెద్దత్త చెయ్యిలా ఉంది. ఇన్నేళ్ళలో ఆవిడ నాకు ఎన్నోసార్లు గుర్తొచ్చింది. కానీ ఇలా నా మణికట్టు దాకా వచ్చి ఎప్పుడూ నిలబడలేదు. కాడలన్నీ చీరి చింతపండు పులుసు పెట్టాను. స్రవంతి రెండోసారి వడ్డించుకుని, "ఆ పెద్దత్తగారి సంగతి చెప్పు అమ్మమ్మా, నేను టైపు చేస్తాను" అంది. నాకు సంతకం వరకే వచ్చు. కాబట్టి రాత దానిది, మాట నాది. కొంచెం నీటుగా రాసుకుంటానంది, రాసుకో అన్నాను. సంగతి మాత్రం మార్చొద్దన్నాను.

పెద్దత్త అంటే మా మావగారి అన్నగారి భార్య. మా అత్తగారు ఆఖరి కాన్పులో పోయారట. నేను ఆవిణ్ణి చూడలేదు. పెద్దత్తకి పిల్లల్లేరు, ఆవిడ భర్త కూడా అప్పటికే పోయారు. దాంతో మా ఆయన్నీ, పురిటిగుడ్డుగా ఉన్న మా ఆడపడుచు బేబీనీ పెంచింది ఆవిడే. నేను కాపరానికి వచ్చేసరికి మా ఆయన చేలో దిగాడు, బేబికి ఎనిమిదేళ్ళు. మా ఊరు ద్రాక్షారామానికి సైకిలు మీద అరగంట. ఇంటి వెనక దొడ్డి, దొడ్డి వెనక కాలవ, కాలవ దాటితే మా చేలు. వంటిల్లు వేరే పాక. అందులోకి అడుగుపెడితే ముందు తరవాణి కుండ పులుపు వాసన ముక్కుకి తగిలేది, దాని వెనకే కొబ్బరిమట్టల పొగ, ఆ వెనక ఎప్పుడూ ఏదో ఒకటి ఎండుతున్న వాసన. చూరుకి వంకాయ వరుగులు, దండెం మీద మామిడి వరుగులు, మూల చేటలో పనసపిక్కలు. నాకు వంట పెద్దగా రాదు. ఆరుగురు ఆడపిల్లల్లో ఆఖరిదాన్ని. మా ఇంట్లో గరిటె నా దాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ అయిపోయేది.

పెద్దత్తకి ఒక అలవాటుండేది. పొద్దున్నే నేను వాకిలి ఊడ్చి వచ్చేసరికి ఆవిడ చెత్తబుట్ట ముందు గొంతుకూర్చుని ఉండేది. దేవుడి గదిలోకన్నా ముందు అక్కడికే వెళ్ళేది. బుట్టలోంచి ఒక్కొక్కటీ తీసి నాకు చూపించేది. ఆనపకాయ తొక్కు తీసి, "ఇది పచ్చడి" అనేది. కొత్తిమీర కాడలు తీసి, "ఇవి చారులోకి." పనసపిక్క తీసి, "ఇది కూర, అమ్మాయ్, కూర." ఆఖరికి ఉల్లిపాయ పైపొర మిగిలితే దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇదిగో, ఇది చెత్త. దీన్ని పారేశావు, మెచ్చుకున్నాను" అనేది. తిట్టు కూడా కాదది. తిడితే ఏడవచ్చు, ఇలా అంటే ఏడవడానికీ ఉండదు. దొడ్లో అరటిగెల కొట్టాక చెట్టుని కూడా వదిలేది కాదు. పువ్వు ఒక పూట, బొందె లోపలి దూట ఒక పూట, మిగిలిన బొందె గేదెకి. బియ్యం కడుగు ఒక్క చుక్క నేలపాలయ్యేది కాదు. గంజిలో సగం తరవాణిలోకి, సగం మావగారి పంచెలకి.

తొలకరి ఉరుములు మొదలైతే ఊళ్ళో వాళ్ళందరూ ఆకాశం వైపు చూస్తే, ఆవిడ నేల వైపు చూసేది. పుట్టగొడుగులంటే ఆవిడకి ప్రాణం. కానీ రెండు చోట్లవే తెమ్మనేది. చేను గట్టు మీద పుట్టల మీద లేచినవి, మా గడ్డిమేటు అడుగున లేచినవి. పేడదిబ్బ మీద ఎంత బలంగా లేచినా, చెట్టు మొదట్లో ఎంత అందంగా విచ్చుకున్నా వాటి వంక చూసేది కాదు. పక్కింటి సుబ్బమ్మగారు, "కూరలో వెల్లుల్లి వేసి చూస్తే సరిపోతుంది కదండీ, విషమైతే నల్లబడుతుందంట" అని ఒకసారి అంటే, "వెల్లుల్లికేం తెలుసమ్మా, అది బజార్నించి వచ్చింది" అంది పెద్దత్త.

పుట్టగొడుగు బాగుచెయ్యడం ఆవిడ దగ్గరే చూశాను. నీళ్ళలో నానబెట్టకూడదు, దూదిలా పీల్చేసుకుంటుంది, కూర నీరుగారిపోతుంది. ముందు పాత నూలు గుడ్డతో గొడుగు పైన మట్టి తుడవాలి. కాడని కత్తి వెనక వైపుతో గీరాలి, బెండు చెక్కినట్టు. పుట్ట మీది వాటికి కాడ భూమిలోకి జానెడు దిగి ఉంటుంది. మట్టి పట్టిన చివర వేలెడు కోసి కరివేపాకు మొదట్లో వెయ్యాలి. గొడుగుని కొయ్యకూడదు, చేత్తో నిలువుగా చీరాలి. అప్పుడు బియ్యం కడుగులో చిటికెడు పసుపు వేసి ఒక్క ముంచు ముంచి తియ్యాలి. గొడుగులు కొబ్బరిపాలు పోసి కూర, కాడలు పులుసు. ఎక్కువైతే దారానికి గుచ్చి ఎండలో వరుగులు. ముంచిన కడుగు గేదె కుడితిలోకి. ఇంత చెప్పాను కదా, మొదటిసారి నాకు పని అప్పజెప్పినప్పుడు నేను చేసింది ఏంటంటే, కాడలన్నీ కోసి బుట్టలో పారేశాను. స్రవంతి చేసిన పనే. మర్నాడు పొద్దున్నే పెద్దత్త వాటిని తీసి నా ముందు వరసగా పేర్చింది.

"అమ్మాయ్, మీ పుట్టింట్లో పుట్టగొడుగులకి కాళ్ళుండవా? దేకుతాయా?"

బేబి నవ్వి నవ్వి గచ్చు మీద దొర్లింది. మా ఆయన కూడా నవ్వాడు. అదిగో, అది తగిలింది నాకు. ఆ రోజునుంచి నేను మొండికెత్తాను. చెత్తబుట్ట ఖాళీగా ఉంచుతాను, ఆవిడ చెయ్యి పెట్టి తడుముకుని ఏమీ దొరక్క లేచి వెళ్ళాలి, అనుకున్నాను. బీరకాయ చెక్కు పచ్చడి చేశాను. చింతపిక్కలు దాచాను. ఒకసారి పొట్లకాయ గింజలు వేయించి పొడి కొట్టాను. మావగారు ఒక ముద్ద తిని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి లేచిపోయారు. అయినా నేను తగ్గలేదు. పెద్దత్త నోట, "ఇది నన్ను మించిపోయింది" అన్న మాట వినాలి. పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఆ ఇంట్లో అంతకు మించిన కోరిక ఏముంటుంది?

ఆ రోజు పొద్దున్నే వాన వెలిసింది. మా ఆయన తువ్వాలు నిండా పుట్టగొడుగులు తెచ్చి గచ్చు మీద పోశాడు. "రెండు పుట్టలూ తెల్లగా లేచిపోయాయి దొడ్డమ్మా. మళ్ళీ చినుకు పడుతోందని గబగబా లాగేశాను. కొన్ని విరిగాయి. దారిలో గట్టు వారన ఉన్నవి కూడా కొన్ని వేసినట్టున్నాను" అన్నాడు. పెద్దత్త పీట వేసుకుని కూర్చుంది. ఒక్కొక్కటీ తీసి, గొడుగు కాదు, తిరగేసి అడుగు చూస్తోంది. కాడ పూర్తిగా ఉన్నవి చేటలోకి. కాడ సగంలో విరిగి మొదలు లేనివి అరటాకు ముక్కలోకి. తొమ్మిది అయ్యాయి ఆకులో. చేటలో ఉన్నవాటి కంటే అవే బలంగా ఉన్నాయి. అరచేతిలో పట్టనంత గొడుగులు, ఒక్క మచ్చ లేదు. ఇంతలో సుబ్బమ్మగారు గోడ మీంచి కేక వేశారు. వాళ్ళ గేదె ఈనలేక అవస్థ పడుతోందట. అలాంటప్పుడు ఊళ్ళో వాళ్ళు పెద్దత్త కోసమే వచ్చేవాళ్ళు. ఆవిడ లేస్తూ లేస్తూ, "చేటలోవి కూర చెయ్యి. ఆకులోవి పారెయ్యి అమ్మాయ్" అంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆకు ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. కొత్తిమీర కాడని ఏరుకునే మనిషి ఇవి పారెయ్యమంటుందా? విరిగినవని పారెయ్యమంది, అంతే అనుకున్నాను. విరిగితే ఏం, ఎలాగూ చీరేవే కదా. తొందరలో ఉండి అనేసింది, తీరా అన్నం తినేటప్పుడు చెప్తాను, మీరు పారెయ్యమన్నవి కూడా దండగ చెయ్యలేదండీ అని. ఆ మాట ఎలా అనాలో కూడా లోపల అనుకుని చూసుకున్నాను. తొమ్మిదీ తుడిచాను, చీరాను, కడుగులో ముంచాను, దాకలో మిగతా వాటితో కలిపేశాను. ఒకసారి చీరాక ఏది ఏదో దేవుడికి కూడా తెలీదు. కొబ్బరిపాలు పోశాను. అంత బాగా వాసన వచ్చిన కూర నేను అప్పటిదాకా వండలేదు.

మధ్యాహ్నం బడి నుంచి బేబి పరిగెత్తుకుని వచ్చింది. దాన్ని మళ్ళీ గంట కొట్టే లోపల పంపాలి, అందుకని ముందు దానికే పెట్టేదాన్ని. "వదినా, కూర మాంసంలా ఉంది" అని నోటినిండా పెట్టుకుంది. అప్పుడే పెద్దత్త వచ్చింది. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంది. "పెయ్యదూడే" అని నాతో చెప్పింది, ముఖం వెలిగిపోతోంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ అలవాటుగా చెత్తబుట్ట దగ్గరికి వెళ్ళి వంగింది. తడిమింది. మళ్ళీ తడిమింది.

"అమ్మాయ్, ఆకులోవి ఎక్కడ పారేశావు?"

నేను నవ్వాను కూడా. "పారెయ్యలేదండీ. శుభ్రంగా కడిగి కూరలో వేసేశాను."

ఆవిడ అరవలేదు. మూడంగల్లో వచ్చి బేబి మణికట్టు పట్టుకుంది. నోటి దాకా వెళ్ళిన ముద్ద కంచంలో పడింది. "ఉమ్మెయ్. నోట్లోది ఉమ్మెయ్ తల్లీ" అంటూనే దాని దవడ పట్టుకుని వేలితో అంతా తీసేసింది. "ఎన్ని తిన్నావు?" "మూడు ముద్దలు, దొడ్డమ్మా" అని బేబి ఏడుపు మొదలుపెట్టింది. మా ఆయన గడ్డిమేటు దగ్గరున్నాడు. పెద్దత్త కేకకి పరిగెత్తుకొచ్చాడు. "దీన్ని సైకిలెక్కించు. ద్రాక్షారామం ఆసుపత్రికి. పుట్టగొడుగులు తిందని చెప్పు, మూడు ముద్దలు అని చెప్పు. ఇప్పుడు బానే ఉంది కదా అని వెనక్కి తీసుకురాకు. డాక్టరుగారు పంపితేనే రా." మా ఆయన పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆవిడ గునపం తీసుకుని దొడ్డి చివరికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను, ఏం చెయ్యాలో తెలీక. మోకాలి లోతు గొయ్యి తవ్వింది. కోళ్ళు కెలక్కూడదు, కుక్క ముట్టకూడదు అని తనలో తను అనుకుంటూనే ఉంది. దాకలో కూరంతా గోతిలో వంచింది. బేబి కంచంలో అన్నం వంచింది. కూర తగిలిందని అన్నం గిన్నె కూడా తెచ్చి వంచింది. తెల్లటి అన్నం, నలుగురికి సరిపడేది, మట్టిలో. గేదె కుడితిలో పోసిన కడుగు గుర్తొచ్చి ఆ కుండా తెచ్చి బోర్లించింది. ఆఖరికి దాకని రాయి మీద కొట్టి పగలగొట్టి పెంకులు కూడా అందులోనే వేసి పూడ్చేసింది. ఆనపకాయ తొక్కుని రెండు చేతులతో తీసే మనిషి. ఆ చేతులు ఒక్క క్షణం కూడా తడబడలేదు. అప్పటిదాకా నాకు భయం వెయ్యలేదు. ఆ అన్నం మీద మట్టి పడ్డం చూశాక వేసింది.

మావగారు చేలోంచి వచ్చి సంగతి విన్నారు. ఎవరు ఏరారు అని అడిగారు. నేను నోరు తెరిచే లోపల పెద్దత్త, "నేనే. నాకు కళ్ళు ఆనలేదు. చెడ్డవి కలిసిపోయాయి" అంది. మావగారు మెత్తటి మనిషి. ఆయన గొంతు పెంచగా నేను అంతకుముందు వినలేదు. "మీ చేతుల్లో పెరిగిన పిల్ల కదండీ వదినగారూ" అన్నారు. అంతే అన్నారు. కండువా భుజాన వేసుకుని, "ఇక ఈ ఇంట్లో పుట్టగొడుగులు వండొద్దు. ఏరడాలూ గీరడాలూ మీరు పెట్టుకోకండి" అని వీధిలోకి వెళ్ళిపోయారు. నేను అక్కడే ఉన్నాను. నాకు నోరుంది. మాట రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు, కొన్ని రకాల విషం వెంటనే పైకి కనబడదు, రేపు సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి అన్నారట. ఆ ఒకటిన్నర రోజు ఎలా గడిచిందో నేను చెప్పలేను, చెప్పను కూడా. మర్నాడు పొద్దు వాలే వేళకి సైకిలు బెల్లు వినబడింది. ముందు కడ్డీ మీద బేబి కాళ్ళూపుకుంటూ కూర్చుంది. దిగుతూనే, "వదినా, నాకు రెండు పూటలా బ్రెడ్డు పెట్టారు" అంది గొప్పగా. దాన్ని పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపుకి అది బెదిరిపోయింది. అది ఇప్పుడు రాజమండ్రిలో ఇద్దరు మనవలకి నాయనమ్మ. ఆ కూర గురించి దానికి గుర్తున్నదల్లా ఆ బ్రెడ్డే.

రెండురోజులు పోయాక నూతి దగ్గర బట్టలుతుకుతుంటే ధైర్యం చేసి అన్నాను. "నామీద వేసుండాల్సిందండీ. తప్పు నాది. పారెయ్యమని చెప్పారు కదా."

ఆవిడ చీర పిండుతూనే ఉంది. "పారెయ్యమని చెప్పాను. ఎందుకో చెప్పానా?"

"లేదండీ."

"ఏడాది నుంచీ పారెయ్యొద్దని రోజూ నీ ప్రాణం తీశాను. ఒక్కరోజు పారెయ్యమని చెప్పి గేదె దగ్గరికి పోయాను. ఇక నీకెలా తెలుస్తుందే?" పిండిన చీర దులిపింది. "మన పుట్ట మీదిదానికి కాడ ఇంత పొడుగు భూమిలోకి ఉంటుంది. అది చూస్తేనే ఇది మనదని తెలుస్తుంది. పైన గొడుగు చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. కాడ మొదలు లేకపోతే అది ఎక్కడిదో ఎవరిదో తెలీదు. తెలీనిది పిల్లలకి పెట్టకూడదు."

"అయితే అవి నిజంగా విషమేనా అండీ?"

"ఏమో. మంచివే అయ్యుండొచ్చు. తెలీదనే కదా పారేశాను."

ఆవిడ మాటల్లో నిష్టూరం లేదు. ఆవిడ నెత్తినేసుకున్న నిందని నేనే మోయలేకపోయాను. ఎందుకంటే ఆ తర్వాత ఆవిడ పడ్డది నేను చూశాను. పప్పు బాగుచెయ్యడానికి ఆవిడ చేట తీసుకుంటే మావగారు, "అమ్మాయికివ్వండి, మీకు కళ్ళు ఆనడం లేదు కదా" అనేవారు, కోపంతో కాదు, జాలితో. ఆవిడ చేట నా చేతిలో పెట్టేది. సూదిలో దారం ఒక్కసారికి ఎక్కించే మనిషి. బియ్యంలో మట్టిబెడ్డని నడుస్తూ చూసి తీసే మనిషి. పాలకొచ్చేవాళ్ళ దగ్గర్నుంచి సుబ్బమ్మగారి దాకా అందరూ, పాపం, చూపు మందగించింది అనుకున్నారు. ఆవిడ అలాగే అనుకోనిచ్చింది. అవి పెద్ద కష్టాలు కావు. కానీ ఆ చేట నా చేతికి వచ్చిన ప్రతిసారీ నాకు అరచెయ్యి కాలేది. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ ఏడాది గడిపాను.

ఇప్పుడు మా అమ్మాయి ఇంట్లో చెత్తకి రెండు డబ్బాలున్నాయి, తడికి ఒకటి, పొడికి ఒకటి. మున్సిపాలిటీ బండి పాట పాడుకుంటూ వచ్చి తీసుకెళ్తుంది. పెరుగు డబ్బా మీద తారీఖు నిన్నటిదైతే నిక్షేపంలాంటి పెరుగు సింకులో పోస్తారు. కొత్తిమీర కాడలు పోతాయి, ఆనపకాయ తొక్కులు పోతాయి. నేను గొణుగుతాను, మా అమ్మాయి నవ్వుతుంది, నేను మళ్ళీ గొణుగుతాను. అల్లుడు మాత్రం, అత్తయ్యగారు చేసిన తొక్కు పచ్చడి ఏదీ అని అడిగి వేయించుకుంటాడు. నాకు లోటు ఏమీ లేదు. ఆ రోజుల్లో పొయ్యి పొగకి కళ్ళు పోయేవి, ఇప్పుడు పొగ లేదు. ఆసుపత్రి ఆటోలో పది నిమిషాలు. అప్పుడే బాగుండేదని అనను, అంటే అబద్ధం. కానీ పారెయ్యడం అప్పుడు చాలా కష్టంగా ఉండేది. అందుకే పారేసిందాని వెనక ఒక మనిషి ఆలోచన ఉండేది. తారీఖు చూసి పారేసేవాళ్ళకి అది అక్కర్లేదు. స్రవంతికి నేను కాడలు ఏరి ఇచ్చాను గానీ, వాటితో పాటు ఇది కూడా చెప్పకపోతే సగమే చెప్పినట్టు. అందుకే ఇంత పొడుగ్గా చెప్తున్నాను. కొత్తగా కాపరానికి వచ్చిన పిల్ల, చేతకాని పిల్ల, ఇంటి బిడ్డ ప్రాణం మీదికి తెస్తే, ఆ పిల్లని ఆ ఇంట్లో తలెత్తుకు తిరగనిచ్చిన మనిషి ఒకావిడ ఉండేదని ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా.

మరుసటి ఏడు తొలకరికి మళ్ళీ పుట్టలు తెల్లబడ్డాయి. మావగారి మాట ఉంది కాబట్టి ఎవరూ వాటి ఊసెత్తలేదు. ఒకరోజు పెద్దత్తే తట్ట పట్టుకుని చేలోకి వెళ్ళింది. తట్ట నిండా తెచ్చి, పీట వేసి, నన్ను కూర్చోబెట్టి, తను దూరంగా గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "ఏరు" అంది. మీరు చూడండి అంటే, "నాకు కళ్ళు ఆనవు కదే" అని నవ్వింది. ఒక్కొక్కటీ తిరగేసి అడుగు చూశాను. కాడ మొదలు ఉన్నా కొంచెం వంకరగా ఉంటే తీసేశాను. భయంతో సగానికి సగం పక్కన పెట్టేశాను. అందులో మంచివి బోలెడున్నాయని ఆవిడకి తెలుసు. దండగ అని ఒక్క మాట అనలేదు. తనే గొయ్యి తీసి పాతిపెట్టి వచ్చింది.

కూర దించేసరికి మావగారూ మా ఆయనా భోజనానికి వచ్చారు. మావగారు వాసన పట్టేశారు. పీట మీద కూర్చోకుండానే, "ఏంటండీ వదినగారూ ఇది? వద్దన్నాను కదా. మీ కళ్ళ సంగతి తెలిసి కూడా మళ్ళీ..." అన్నారు.

"ఆవిడ కళ్ళకి ఏమీ కాలేదు మావయ్యగారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ రోజు ఆవిడ సరిగ్గానే ఏరారు. చెడ్డవి పారెయ్యమని నాకు చెప్పారు. దండగైపోతాయని నేనే కలిపాను. నన్ను ఏమీ అనకుండా ఆవిడ తన మీద వేసుకున్నారు."

మా ఆయన నా వైపు చూశాడు. మావగారు పెద్దత్త వైపు చూశారు. ఆవిడ తల దించుకుంది, తప్పు చేసినదానిలా. మావగారు అడిగారు, "మరి ఇవాళ ఎవరు ఏరారు?"

"నేనే" అన్నాను.

ఆయన పీట వంక చూశారు గానీ కూర్చోలేదు. కూర్చోలేరని నాకు తెలుసు. ఆయన్ని తప్పు పట్టను. అప్పుడు పెద్దత్త లేచి, మావగారి పీట పక్కనే మరో పీట వాల్చుకుని, తన కంచం తెచ్చుకుని కూర్చుంది. "అమ్మాయ్, వడ్డించు" అంది. అన్నం పెట్టాను. కూర గరిటెడు వేస్తే, ఇంకా వెయ్యమంది. కలుపుకుని, నిమ్మళంగా, ఒక్కొక్క ముద్దా తింది. సగం కంచం అయ్యాక తల ఎత్తి, "ఉప్పు కాస్త తగ్గింది" అంది. మావగారు కండువా తీసి పక్కన పెట్టి ఆవిడ పక్కన కూర్చున్నారు. "నాకూ వెయ్యమ్మా" అన్నారు.

ఆ ఇంట్లో మొగుడు పోయిన ఆడది అందరూ తిని లేచాక గిన్నెల అడుగున మిగిలింది తినేది. ముప్ఫై ఏళ్ళు ఆవిడ అలాగే తింది. అందరికంటే ముందు కూర్చుని, వేడి అన్నం పెట్టించుకుని ఆవిడ తినగా నేను చూసింది ఆ ఒక్కరోజే.